తెరపై దొరకిన తునకలు: దాచుకొనుట, మరల వాడుకొనుట

చదువుచుండగా మనసునకు పట్టిన వాక్యమును చీటీపై ఎత్తి వ్రాసికొనుట మనవారికి క్రొత్త యలవాటు కాదు. పండితుల ఇండ్లలోని పాత పుస్తకములను తెరచినచో పుటల నడుమ సన్నని చీటీలు కనబడును. ఒకదానిపై పద్యపాదము, ఒకదానిపై నిఘంటువున దొరకని మాట, మరియొకదానిపై ఎవరో చెప్పగా విన్న సామెత. అట్టి చీటీలే కాలక్రమమున వ్యాసములకు, పీఠికలకు, నిఘంటువులకు ముడిసరకైనవి. నేడు మన విద్యార్థులలో పలువురు చదువుచున్నది తెరపైన. తెరపై చదువువానికి చీటీ యేది? కంప్యూటరు తెరనుండి ఒక వాక్యమునో, పద్యమునో, మాటనో మౌసుతో పట్టి ఈడ్చి, దానిని తునకగా దాచుకొని, కావలసినపుడు మరల వాడుకొను విధమును ఈ పాఠమునందు వివరింపదలచితిమి.

ఇది ఎల్లవారికిని పనికివచ్చు విద్యయే. కాని హోసూరు ప్రాంతమందలి మనకు దీనితో మరికొంత యెక్కువ పని కలదు. మన యూళ్లలో తెలుగు పుస్తకముల అంగడి అరుదు. కావున వ్యాసరచనకైనను, వక్తృత్వ పోటీకైనను మన పిల్లలు తెలుగు గ్రంథములను తెరపైననే వెదకవలసి వచ్చుచున్నది. అంతకంటె ముఖ్యమైనది వేరొకటి యున్నది. రాగిచేలలోను, కల్లములలోను, కపిల బావుల యొద్దను తాతలు, అవ్వలు వాడిన మాటలను మన విద్యార్థులు అడిగి తెలిసికొని టైపు చేయుచున్నారు. కపిలలు పోయి పంపుసెట్లు వచ్చి చాల కాలమైనది. కపిలకు సంబంధించిన మాటలు ఎరిగినవారు ప్రతి యేడును తగ్గుచున్నారు. ఆ మాటలను పట్టి తెచ్చినవారు పదవ తరగతి ముగించి వెళ్లిపోవుదురు. వారి ఫైళ్లు ఎచట నున్నవో, ఏ పేరుతో నున్నవో వెనుక వచ్చువారికి తెలియదు. పుస్తకములోని వాక్యము పోయినచో ఆ పుస్తకమును మరల తెరువవచ్చును. అవ్వ చెప్పిన మాట పోయినచో మరల అడుగుటకు అవ్వ యుండకపోవచ్చును.

మొదట మూలసూత్రము. తెరపై అక్షరములను మౌసుతో గుర్తించి, కంట్రోల్ మీటను, సి మీటను కలిపి నొక్కినచో ఆ భాగము యంత్రస్మృతిలోని ఒక తాత్కాలిక స్థలమున నిలుచును. దానికి క్లిప్‌బోర్డు అని పేరు. పిమ్మట కంట్రోల్, వి మీటలను నొక్కినచో అది మనము కోరిన చోట వ్రాలును. సాధారణముగా క్లిప్‌బోర్డు ఒక అరచేతి వంటిది. ఒకసారి ఒక వస్తువునే పట్టును. రెండవది పట్టగనే మొదటిది జారిపోవును. యంత్రమును ఆపినచో ఉన్న ఆ ఒక్కటియు పోవును. క్లిప్‌బోర్డు చేతితో అందుకొనుటకే గాని దాచుటకు కాదు.

కత్తిరించుట, అంటించుట అను మాటలు ఈ పనికి ఊరక రాలేదు. 1970ల నడుమ అమెరికాలోని జిరాక్స్ సంస్థవారి పాలో ఆల్టో పరిశోధన కేంద్రమున లారీ టెస్లర్, టిమ్ మాట్ అనువారు జిప్సీ అను వ్రాత సాధనమును రూపొందించిరి. అది ఎవరి కొరకో విన్నచో మన బడిపిల్లలకు వింతగా నుండును. జిన్ అను పాఠ్యపుస్తక ప్రచురణ సంస్థయందలి సంపాదకుల కొరకు! అట్టి సంపాదకులు అదివరకు టైపు కాగితములను కత్తెరతో కత్తిరించి, జిగురుతో మరియొక కాగితముపై అంటించి, పుస్తకముల ప్రతులను సిద్ధము చేసెడివారు. ఆ కత్తెర, జిగురుల పనియే తెరపైకి వచ్చినది. టెస్లర్ 2020లో గతించెను. ఆయన నిలిపిన పద్ధతిని నేడు చేతిఫోను పట్టిన ప్రతివాడును వాడుచున్నాడు.

ఇక ఈడ్చి విడుచుట. గుర్తించిన అక్షరములపై మౌసు నుంచి, ఎడమ మీటను నొక్కిపట్టి, చేతిని కదపినచో ఆ యక్షరములు కూడ కదలివచ్చును; మీటను వదలిన చోట అవి దిగును. ఒకే పత్రములో నిట్లు చేసినచో వాక్యము మొదటి చోటినుండి తొలగి రెండవ చోటికి పోవును. మొదటి చోట నుండనిచ్చి ప్రతిని మాత్రమే తీసికొనవలెనన్న విండోసునందు విడుచు సమయమున కంట్రోల్ మీటను నొక్కి యుంచవలెను. ఒక పత్రమునుండి మరియొక పత్రమునకు ఈడ్చునపుడు సైతము ఈ మీటను నొక్కియుంచుట క్షేమము. లేనిచో మూలపత్రమున ఆ వాక్యము మాయమై, అది పోయినదని ఎన్నడో తెలియును.

పత్రమునుండి పత్రమునకు కాక, వట్టి డెస్క్‌టాపుపైననే విడిచినచో? ఈ పాఠమునకు ఇదియే నడిబొడ్డు. మాకింటాష్ యంత్రములలో 1984 నుండియే స్క్రాప్‌బుక్ అను నొక చిన్న సాధనముండెను. నచ్చిన వాక్యములను, బొమ్మలను అందు అంటించి యుంచుకొనెడివారు. 1994లో ఆపిల్ సంస్థ వెలువరించిన సిస్టమ్ 7.5 కాలమునుండి వాక్యమును ఈడ్చి డెస్క్‌టాపుపై విడువగనే అది ఒక చిన్న ఫైలుగా మారుట ఆ యంత్రములయందు సామాన్యమైనది. దానికి టెక్స్ట్ క్లిప్పింగ్ అని పేరు. ఈ సౌకర్యము నేటి మాకింటాషులలోను కలదు. ఆ ఫైలునకు వాక్యములోని మొదటి మాటలే పేరగును. రెండుసార్లు నొక్కినచో చిన్న కిటికీ తెరచుకొని లోపలి పాఠము కనబడును; కాని దానిని అచట దిద్దుటకు వీలులేదు. ఆ తునకను పట్టి మనము వ్రాయుచున్న పత్రముపై విడిచినచో పాఠము అచట చేరును. తునక మాత్రము తన చోటనే చెక్కుచెదరక యుండును. ఎన్నిసార్లైనను వాడవచ్చును. పుస్తకములోని చీటీకి ఇంతకంటె దగ్గరి పోలిక గల సాధనము కంప్యూటరులో మరియొకటి లేదని మా యభిప్రాయము.

విండోసువారును ఇట్టిదానినే 1995లో తెచ్చిరి. విండోస్ 95 నందు వర్డ్‌ప్యాడ్, వర్డ్ వంటి సాధనములనుండి వాక్యమును ఈడ్చి డెస్క్‌టాపుపై విడిచినచో స్క్రాప్ అను ఫైలు పుట్టెడిది. మేము పొరుగు రాష్ట్రమున తెలుగు పండిత శిక్షణ పొందుచున్న దినములలో, ఇరువది యేండ్లకు వెనుక, అచటి కంప్యూటరు గదిలో దీనిని కన్నులార చూచితిమి. మా సహాధ్యాయి యొకరు బోధనాభ్యాసమునకు పనికివచ్చు పద్యములను, అలంకారముల లక్ష్యములను అట్లు ఈడ్చి, నలువదికి పైగా తునకలను ఒక ఫ్లాపీలో దాచిరి. పాఠ్యప్రణాళిక వ్రాయునపుడు ఒక్కొక్క తునకను పట్టి విడుచుటయే. మేమందరము గంటసేపు చేయు పని ఆయనకు పది నిమిషములలో ముగిసెడిది. కొన్నియేండ్లకు ఆయన బడిలో క్రొత్త యంత్రము వచ్చెను. తునకలన్నియు దానిలోనికి ఎక్కినవి, పేర్లు కనబడినవి, ఒక్కటియు తెరచుకొనలేదు. చేతితో నోటుపుస్తకమున ఎత్తి వ్రాసికొన్న పద్యములు మాత్రము ఆయనకు మిగిలినవి.

కారణము సులభముగా తెలియును. ఆ స్క్రాప్ ఫైలులో వట్టి యక్షరములే కాక ఇతర వస్తువులను, యంత్రమునకు ఆజ్ఞలను కూడ ఇముడ్చుటకు వీలుండెను. పైగా ఆ ఫైలు పేరులోని చివరి భాగము, అనగా అది యే జాతి ఫైలో తెలుపు భాగము, తెరపై కనబడకుండెను. 2000 సంవత్సరము జూన్ నెలలో లైఫ్ స్టేజెస్ అను నొక పురుగు ఈమెయిలు ద్వారా వ్యాపించెను. చూచువారికి అది వట్టి పాఠపు ఫైలువలె కనబడెను. తెరచిన వెంటనే మానవ జీవిత దశలను గూర్చిన హాస్యపు మాటలను చూపుచు, వెనుక తన పని తాను చేసికొని పోయెను. అది నిజమునకు స్క్రాప్ ఫైలు. 2007లో జనసామాన్యమునకు అందిన విండోస్ విస్టానుండి ఈ స్క్రాప్ సౌకర్యమే తొలగింపబడెను. నేటి విండోస్ 10, 11 యంత్రములలో వాక్యమును ఈడ్చి డెస్క్‌టాపుపైకి తెచ్చినచో నిషేధపు గుర్తు కనబడును, తునక పుట్టదు. మాకింటాషు తునకలకును ఒకప్పుడు ఒక చిక్కుండెను. వాని లోపలి పాఠము ఫైలుయొక్క ఒక ప్రక్కభాగమున దాగి యుండుటచేత, ఇతర యంత్రముల డిస్కులమీదుగా ప్రయాణము చేసినపుడు పెంకు మిగిలి పప్పు పోయెడిది.

కావున తునకను దాచుటలో మొదటి ప్రశ్న ఎట్లు ఈడ్చితిమన్నది కాదు; ఏ రూపమున దాచితిమన్నది. ఒక్క సంస్థవారి సాధనమునకు మాత్రమే తెలిసిన రూపమున దాచిన వాక్యము ఆ సాధనము ఉన్నంతకాలమే యుండును. వట్టి పాఠపు ఫైలు, అనగా టీఎక్స్‌టీ అని ముగియు ఫైలు, అట్లు కాదు. అందు రంగులు లేవు, బొమ్మలు లేవు, ఆజ్ఞలు లేవు, అక్షరములే కలవు. విండోసైనను, మాకింటాషైనను, లినక్సైనను, చేతిఫోనైనను దానిని తెరవగలవు. లినక్సు యంత్రములలో గ్నోమ్ అను తెరయేర్పాటు ఉన్నచోట, వాక్యమును ఈడ్చి ఫైళ్ల కిటికీలో విడిచినచో వట్టి పాఠపు ఫైలే పుట్టుట మేము చూచితిమి. ఈ యేర్పాటు అన్నిటికంటె మాకు నచ్చినది. మన రాష్ట్రమున ప్రభుత్వము విద్యార్థులకు పంచిన ల్యాప్‌టాపులలో కొన్నిటియందు విండోసుతోపాటు బాస్ అను భారతీయ లినక్సు కూడ నుండెను. మీ అన్నలకో అక్కలకో వచ్చినది ఇంటిలో నున్నచో ప్రయత్నించి చూడుడు.

విండోసు మాత్రమే యున్నవారు చేయవలసినది ఇది. వాక్యమును గుర్తించి, కాపీ చేసి, నోట్‌ప్యాడు తెరచి, అందు అంటించి, పేరు పెట్టి దాచవలెను. ఈడ్చుటకంటె రెండు మెట్లు ఎక్కువ, నిజమే. కాని నోట్‌ప్యాడు గుండా పోయినచో మూలములోని రంగులు, అక్షరపు పరిమాణములు, గీతలు అన్నియు రాలిపోయి అక్షరములు మాత్రము నిలుచును. వ్యాసములో అంటించినపుడు ఒక పేరా నీలముగా, ఒక పేరా లావుగా కనబడు వికారము ఉండదు. ఎఫ్5 మీటను నొక్కినచో ఆనాటి తేదీ, వేళ తమంతతాము పడును, దీనిని మరువకుడు. దాచునపుడు ఎన్‌కోడింగ్ అను చోట యూటీఎఫ్-8 అని యున్నదో లేదో చూడవలెను. 2019 నుండి వచ్చిన నోట్‌ప్యాడులు తామే అట్లు దాచుచున్నవి. పాత యంత్రములలో అన్సీ అని యుండును. అట్లే దాచినచో తెలుగక్షరములన్నియు ప్రశ్నార్థకములై మిగులును. ముందు ఒక హెచ్చరిక వచ్చును గాని, తొందరలో నున్నవారు దానిని చదువకయే సరే యని నొక్కుదురు.

విండోస్ 10లో 2018 చివరినుండి మరియొక సౌకర్యము వచ్చినది. విండోసు గుర్తు గల మీటను, వి మీటను కలిపి నొక్కినచో ఇటీవల కాపీ చేసిన తునకల పట్టిక కనబడును. మొదటిసారి దానిని మనమే అనుమతింపవలెను. అది ఇరువదియైదు తునకల వరకు నిలుపును. యంత్రమును మరల ప్రారంభించినచో గుండుసూదితో గ్రుచ్చినవి తప్ప తక్కినవి పోవును. ఒక గంట కూర్చుండి నోట్సు వ్రాయువానికి ఇది మేలైన తోడు. సంవత్సరముల తరబడి దాచదలచినవారికి కాదు.

తెరపై కనబడినదంతయు పట్టుకొనుటకు వీలగునా? కాదు. పాత గ్రంథములలో చాలభాగము పుటలను ఫొటో తీసి ఉంచినవి. అందలి అక్షరము మన కంటికి అక్షరమే కాని యంత్రమునకు నల్లని మరక. మౌసుతో గీచినచో పంక్తి గుర్తింపబడదు; బొమ్మ మాత్రమే కదలును. బొమ్మను చదివి అక్షరములుగ మార్చు సాధనములు నేడు తెలుగునకును కలవు. కాని అవి ఘ, ఝ, ఱ వంటి యక్షరములయందును, వత్తులయందును తడబడుచుండును; మూలముతో పోల్చి దిద్దక వాడరాదు. మన బడిపిల్లలకు తెలుగు వికీసోర్సు మంచి చోటు. అచట పాత పుస్తకములు ఔత్సాహికులచేత టైపు చేయబడి, పుట బొమ్మతో పోల్చి చూచుకొను వీలుతో ఉన్నవి.

ఇంకొక జాతి మరకను గూర్చి చెప్పవలెను. అచ్చుకూటములవారు, డీటీపీవారు చాలకాలము వాడిన పాత ఫాంటులలో తెలుగక్షరములు ఇంగ్లీషు అక్షరముల స్థానములలో కూర్చుండెడివి. ఆ ఫాంటు ఉన్న యంత్రమున అది తెలుగు. లేని యంత్రమున పిచ్చి వ్రాత. ఆ పత్రమునుండి ఒక తునకను పట్టి నోట్‌ప్యాడులో విడిచినచో ఇంగ్లీషు అక్షరములు, చుక్కలు, వింత గుర్తులు కలిసిన గంప మిగులును. పాత సంచికల ఫైళ్లను తెరచి ఇది తెలుగు కాదని త్రోసివేయువారు ఉందురు. త్రోసివేయకుడు, వానిని యూనికోడుగ మార్చు సాధనములు కలవు. ఏ ఫాంటుతో కూర్చినదో పేరు వ్రాసి యుంచినచో మార్చువారికి పని సగమగును.

యూనికోడునందు తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. ప్రతి యక్షరమునకు, ప్రతి గుణింతపు గుర్తునకు వేర్వేరు సంఖ్య కలదు. సంయుక్తాక్షరమునకు వేరు సంఖ్య లేదు. దాని భాగముల సంఖ్యలు వరుసగ నిలుచును. స్త్రీ అనునది కంటికి ఒక యక్షరము. యంత్రమునకు ఆరు గుర్తులు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము. యూటీఎఫ్-8 రూపమున తెలుగు గుర్తొక్కటికి మూడు బైట్లు పట్టును గనుక, ఈ ఒక్క యక్షరము పదునెనిమిది బైట్లు. ఈ లెక్క ఎందులకని మీరడుగవచ్చును. వాక్యము చివర బ్యాక్‌స్పేస్ మీటను ఒకసారి నొక్కినచో అక్షరమంతయు పోక గుడిదీర్ఘము మాత్రమే పోయి స్త్ర మిగులుట కందరికిని అనుభవమే. తునకను దిద్దునపుడు ఇట్లు తెలియక మిగిలిన పొల్లులే పలుతప్పులకు మూలము. మరియొక ఫలమును కలదు. లినక్సు యంత్రములలో సాధారణముగా ఫైలు పేరు 255 బైట్లకు మించరాదు. అనగా తెలుగులో 85 గుర్తులు. పద్యపు మొదటి పాదమంతయు పేరుగా పెట్టబోయినచో యంత్రము ఏల నిరాకరించుచున్నదో దీనివలన తెలియును.

పేరు పొట్టిదిగా నుండవలెను. ముందు సంవత్సరము, తరువాత నెల, తరువాత దినము, పిమ్మట విషయము వ్రాసినచో ఫైళ్లు కాలక్రమమున తామే వరుసగ నిలుచును. ‘2025-11-20 కల్లపు మాటలు’ అనునది మంచి పేరు. ‘క్రొత్తది’, ‘ముఖ్యమైనది’, ‘ఇదే సరైనది’ అను పేర్లతో దాచిన ఫైళ్లు మన గదిలోని యంత్రముల నిండ నున్నవి. ఏది క్రొత్తదో, ఏది ముఖ్యమో పెట్టినవారికే తెలియదు. ప్రశ్నార్థకమును, గీటును, నక్షత్రపు గుర్తును విండోసు పేరులో ఒప్పుకొనదు.

వెదకుట యందు తెలుగువారికి ఒక ప్రత్యేకమైన చిక్కు కలదు. దానిని గూర్చి కొంచెము నిలిచి చెప్పెదము. మనము ఒకే మాటను పలురీతుల వ్రాయుదుము. వ్రాయు, రాయు, పండుగ, పండగ, ఱెక్క, రెక్క. యంత్రమునకు ఇవి వేర్వేరు మాటలు. రెక్క యని వెదకినచో బండిఱ తో వ్రాసిన తునక బయటికి రాదు. అన్యదేశ్యములలో మరియొక మాయ యున్నది. డెస్క్‌టాపు అని వ్రాయునపుడు క పొల్లు తరువాత కంటికి కనబడని గుర్తొకటి ఉంచినగాని ట దానిక్రింద ఒత్తుగా పడక విడిగా నిలువదు. ఒకరు ఆ గుర్తునుంచి, ఒకరు ఉంచక వ్రాసినచో కొన్ని సాధనములు రెండింటిని ఒకటిగా గ్రహింపవు. ఐత్వమును ఒకే సంఖ్యతోను వ్రాయవచ్చును, రెండు సంఖ్యలు కలిపియు వ్రాయవచ్చును. కంటికి భేదమే లేదు. ఇన్నిటిని తలచి భయపడ బనిలేదు. ప్రతి తునకలోను మొదట ఒక పంక్తి విడిచి, అందు వెదకుటకు పనికివచ్చు మాటలు రెండు మూడు, మన వాచకములోని వర్ణక్రమము ననుసరించి వ్రాసిన చాలును. లోపలి పాఠమును మాత్రము మూలమున ఎట్లున్నదో అట్లే యుంచవలెను. వెదకుటకై మూలమును దిద్దుట ధర్మము కాదు.

మూలము పేరు వ్రాయుటను గూర్చి చెప్పకున్న ఈ పాఠము పూర్తి కానేరదు. పూర్వము మడికి సింగన సకలనీతిసమ్మతమను సంకలనమును కూర్చెను. పెక్కు గ్రంథములనుండి నీతిపద్యములను ఏర్చి ఒకచోట చేర్చిన గ్రంథమది. మన భాషలో తునకలు దాచినవారిలో ఆయన పెద్ద. అందు ముద్రామాత్యము, పురుషార్థసారము అను గ్రంథముల పద్యములు కలవు. ఆ గ్రంథములు నేడు మనకు దొరకవు. అట్టివి యొకప్పుడుండెననియు, వాని పోకడ యిట్టిదనియు మనము ఎరుగుట సింగన వానిని పేరుతో కూడ నిలుపుటవలననే. దీనికి ఎదుటి ప్రక్క చాటుపద్యములను చూడుడు. జనుల నాలుకలపై నిలిచినవి, రుచికి లోటులేదు. కాని ఇది శ్రీనాథునిదా, మరియొకరిదా యని పండితులు నేటికిని వాదించుచున్న చాటువులు ఎన్నియో. పద్యము మిగిలినది, కర్తకు రావలసిన పేరు మిగులలేదు. డెస్క్‌టాపుపై పేరులేక పడియున్న తునక చాటువుకంటె హీనము. ఏలయన చాటువును కనీసము జనులు కంఠస్థము చేసిరి.

కావున తునకతోపాటు గ్రంథము పేరు, కర్త పేరు, పుట, చదివిన తేదీ వ్రాయవలెను. అవ్వ చెప్పిన మాటయైనచో ఊరు, చెప్పినవారి వయస్సు, ఏ సందర్భమున చెప్పిరో వ్రాయవలెను. వారి పేరు వ్రాయుటకు ముందు వారి సమ్మతి అడుగవలెను. ఇచట ఒక మాట. మన యూళ్లలో పెద్దల మాటలో కన్నడ పదములు, తమిళ పదములు కలిసి దొరలును. వానిని తీసివేసి శుద్ధమైన తెలుగుగా మార్చి టైపు చేసిన వ్యాసములను మేము చూచుచున్నాము. వ్యాకరణమందు మీకు గల శ్రద్ధకు సంతోషమే కాని ఆ పనికి ఇది చోటు కాదు. గొర్రు, గుంటక, తూర్పారబట్టుట అను మాటలు నిఘంటువున దొరకును; మూడు భాషల నడుమ మీ అవ్వ పలికిన తీరు ఏ నిఘంటువునను దొరకదు. విన్నది విన్నట్లు వ్రాయుడు. అర్థము తరువాత చేర్పుడు.

మరల వాడుటకు వత్తము. పదేపదే వ్రాయవలసిన మాటలకు, అనగా ప్రధానోపాధ్యాయులకు వ్రాయు లేఖలోని సంబోధన, సంచికలోని శీర్షికల కూర్పు, ప్రశ్నపత్రములోని సూచనలు వంటివానికి, లిబ్రె ఆఫీస్ రైటరులో ఆటోటెక్స్ట్ అను సౌకర్యము కలదు. పాఠమును గుర్తించి కంట్రోల్, ఎఫ్3 మీటలను నొక్కి, దానికి ఒక పేరును, పొట్టి గుర్తును ఇయ్యవలెను. పిమ్మట ఆ గుర్తును టైపు చేసి ఎఫ్3 నొక్కినచో పాఠమంతయు వచ్చును. వర్డునందును ఇట్టిది క్విక్ పార్ట్స్ అను పేరుతో కలదు. మన కార్యాలయమున నిత్యము వ్రాయు ధ్రువపత్రములకు ఇది ఎంతయు ఉపకరించును. కాని ఈ తునకలు ఆ యంత్రములోని ఆ సాధనమునకే తెలియును. ప్రక్క కుర్చీలోని యంత్రమునకు తెలియవు. అందుచేత వీని ప్రతిని వట్టి పాఠపు ఫైలుగా కూడ ఉంచుకొనుడు.

వ్యాసములో తునకను వాడునపుడు ఉద్ధరణ చిహ్నముల నడుమ నుంచి మూలము చెప్పినచో అది పాండిత్యము. చిహ్నములు తీసివేసి తన వాక్యమువలె కలిపినచో అది చౌర్యము. ఈ రెంటికి నడుమ నున్నది ఆ రెండు చిన్న గుర్తులే. విద్యార్థులలో కొందరు దురుద్దేశముతో గాక మరపుచేత ఇట్లు చేయుచున్నారని మా నమ్మకము. మూడు నెలల క్రిందట అంటించిన వాక్యము తనదో పరులదో వ్రాసినవానికే గుర్తుండదు. తునకను దాచు దినముననే చిహ్నములు పెట్టి దాచినచో ఈ చిక్కు రాదు.

ఈ యేటి మాటల సేకరణమునకు తునకలు ఇచ్చువారు ఒక్కొక్క మాటకు ఒక్కొక్క ఫైలు చేయవలెను. మొదటి పంక్తిలో వెదకుటకు మాటలు, రెండవ పంక్తిలో మూలము, మూడవ పంక్తిలో ఊరు, తేదీ. ఒక పంక్తి విడిచి పాఠము. ఫైలు టీఎక్స్‌టీ రూపమున, యూటీఎఫ్-8గా నుండవలెను. పెన్‌డ్రైవున తెచ్చినదానిని గ్రంథాలయపు కంప్యూటరులోని ‘మాటల మూట’ అను ఫోల్డరులో చేర్చి, అది మరల తెరచుకొనుచున్నదని మీ కన్నులతో చూచిన పిమ్మటనే పెన్‌డ్రైవును తీయుడు. ఆ ఫోల్డరుయొక్క రెండవ ప్రతిని ప్రతి నెల చివరి శనివారమున వేరొక డిస్కులోనికి ఎక్కించు పనికి తొమ్మిదవ తరగతినుండి ఇద్దరు కావలెను. వచ్చువారు తెలుగు టైపు కొంత నేర్చినవారై యుండవలెను. పాత ఫాంటుల ఫైళ్లు పదునొకండు అచట దిద్దువారికొరకు ఇంకను వేచియున్నవి.